అఫిడవిట్‌లో ఒక్క వాక్యం: కస్టడీ హింస కేసులో డిఫెన్స్ లాయరుగా నా అనుభవం

జిల్లా కోర్టులో క్రిమినల్ డిఫెన్స్, హైకోర్టులో పౌరహక్కుల రిట్లు, అంటే ప్రభుత్వ చర్యల మీద నేరుగా హైకోర్టులో వేసే పిటిషన్లు. ఇరవై ఏళ్లకు పైగా నా ప్రాక్టీసు ఈ రెంటి మీదే నడుస్తోంది. చాలాకాలం వీటిని వేర్వేరు పనులుగా చూశాను. దొంగతనం, కొట్లాట కేసులతో ఆఫీసు అద్దె వచ్చేది. లాకప్ దెబ్బల కేసులు వచ్చినప్పుడు ఈ కోటు ఎందుకు వేసుకున్నానో గుర్తొచ్చేది. పౌరహక్కుల లాయర్లు కన్నబిరాన్ గారు, బాలగోపాల్ గారు వాదిస్తుంటే కోర్టు హాల్లో వెనక నిలబడి విన్న తరం మాది. హక్కుల కేసు అనగానే ఆవేశం ముందు వచ్చేది, ఫైలు తర్వాత వచ్చేది. ఆ అలవాటు ఒక మనిషిని ఎంత ఇబ్బందిలోకి నెట్టిందో, దాన్ని ఎలా సరిచేసుకోవాల్సి వచ్చిందో ఇక్కడ రాస్తున్నాను.

క్లయింటు అనుమతితోనే రాస్తున్నాను. ఊరు, సంవత్సరం, వస్తువులు, పనులు మార్చాను. కేసు పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) అమల్లో ఉన్న కాలంలోది కాబట్టి పాత సెక్షన్లే వాడతాను. 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టాల ప్రస్తావన అవసరమైన చోట ఉంటుంది.

నేపథ్యం

అతనికి 24 ఏళ్లు. ఇళ్లకు రంగులు వేసే పని. తల్లిదండ్రులు లేరు, పెంచింది అక్క. అప్పటిదాకా ఏ స్టేషన్లోనూ అతని పేరు మీద కేసు లేదు. ఆ ప్రాంతంలో ఏడాదిగా రాత్రిపూట ఇళ్లలో దొంగతనాలు జరుగుతున్నాయి. వాటిలో కొన్ని ఇళ్లలో అతను అంతకుముందు రంగులు వేశాడు. అతని మీద అనుమానానికి ఉన్న ఆధారం అంతే.

బుధవారం ఉదయం అక్క నా దగ్గరికి వచ్చింది. సోమవారం రాత్రి తొమ్మిదింటికి లేబర్ అడ్డా దగ్గర మఫ్టీలో ఉన్న ఇద్దరు అతన్ని బండి ఎక్కించుకుని వెళ్లారు. మంగళవారమంతా ఆమె స్టేషన్ గేటు దగ్గరే కూర్చుంది. "ఇక్కడ లేడంటున్నారు మేడమ్. కానీ వాడి చెప్పులు వరండాలో ఉన్నాయి. రంగు మరకలున్న చెప్పులు, నేను గుర్తుపట్టనా?" అంది.

మొదటి నిర్ణయం

ఆ పూట నా ముందు మూడు దారులున్నాయి. హైకోర్టులో హెబియస్ కార్పస్ (నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని అడిగే పిటిషన్), మేజిస్ట్రేటు ముందు 97 సెక్షన్ కింద సెర్చ్ వారెంటు, లేదంటే నేరుగా స్టేషనుకు ఫోన్. ఫోన్ చేస్తే త్వరగా అరెస్టు చూపిస్తారు, కానీ సోమవారం నుంచి మనిషి వాళ్ల దగ్గరే ఉన్నాడనడానికి కాగితం మిగలదు. హెబియస్ కార్పస్ విచారణకు వచ్చేలోపు రిమాండుకు పంపేస్తే, ఇక ఆ పిటిషన్‌తో పని లేదని మూసేస్తారు. సెర్చ్ వారెంటు మంచిదే. అయితే ఆ రోజు మా మేజిస్ట్రేటు సెలవులో ఉన్నారు, ఇన్‌ఛార్జి కోర్టు వేరే ఊళ్లో ఉంది.

నాకు ఆ క్షణంలో కోర్టు ఆర్డరు కంటే తేదీ, సమయం ఉన్న కాగితం ముఖ్యమనిపించింది. 2013 జూలైలో టెలిగ్రాం సర్వీసు ఆగిపోయేదాకా మా సీనియర్లు ఇలాంటప్పుడు చేసే మొదటి పని పై అధికారులకు టెలిగ్రాం కొట్టడం. మధ్యాహ్నం 12.40కి అక్క పేరుతో జిల్లా ఎస్పీకి, మానవ హక్కుల కమిషన్‌కి ఈమెయిల్ పంపించాను. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు తీసుకెళ్లారు, చెప్పులు ఎక్కడ కనిపించాయి అన్నవే రాయించాను, ఒక్క విశేషణం కూడా పెట్టనివ్వలేదు. అదే కాపీని రిజిస్టర్డ్ పోస్టు చేసి రసీదు దాచమన్నాను. ఆ తర్వాతే స్టేషనుకు ఫోన్ చేసి, చేసిన సమయం డైరీలో రాసుకున్నాను.

ఈ కేసులో నేను మొదటి రోజే సరిగ్గా చేసిన పని ఇదొక్కటే. మర్నాడు చేసింది పొరపాటు.

రిమాండు రాత్రి

గురువారం నేను హెబియస్ కార్పస్ దాఖలు చేయించడానికి హైకోర్టుకు వెళ్లాను. సాయంత్రం కోర్టు వేళ ముగిశాక జూనియర్ని ఇంటికి వెళ్లిపొమ్మన్నాను. రాత్రి 8.30కి పోలీసులు అతన్ని మేజిస్ట్రేటు గారి ఇంట్లో హాజరుపరిచారు. అతని తరఫున లాయరు లేరు. మొదటిసారి హాజరుపరిచినప్పుడే ఉచిత న్యాయ సహాయం ఉందని నిందితుడికి చెప్పాల్సిన బాధ్యత మేజిస్ట్రేటుదేనని 1980 డిసెంబరులో ఖత్రీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ రాత్రి ఆర్డర్లో మాత్రం దాని ఊసే లేదు.

రిమాండు రిపోర్టు ప్రకారం గురువారం ఉదయం 11 గంటలకు బస్టాండు దగ్గర అనుమానాస్పదంగా తిరుగుతుంటే పట్టుకున్నారు. నేరం ఒప్పుకున్నాడు, ఇంటి వెనక రాయి కింద దాచిన నగలు తీసి ఇచ్చాడు, 12.30 నుంచి 2 గంటల మధ్య మధ్యవర్తుల నివేదిక (సాక్షులుగా పిలిచిన బయటివాళ్ల సంతకాలతో రాసే కాగితం) రాశారు. సాయంత్రం 6 గంటలకు ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష చేయించారు, పైకి కనిపించే గాయాలు లేవని సర్టిఫికెట్ ఉంది. మేజిస్ట్రేటు గారు అడగాల్సిన ప్రశ్న అడిగారు. "పోలీసులపై ఫిర్యాదు లేదన్నాడు" అని ఆర్డర్లో నమోదైంది.

శనివారం జైలు ములాఖత్‌లో అతన్ని చూశాను. పాదాలు నేలకు పూర్తిగా ఆనించకుండా అంచుల మీద నడుచుకుంటూ వచ్చాడు. జడ్జి గారు అడిగితే ఎందుకు చెప్పలేదని అడిగాను. "వాళ్లు నా వెనకాలే నిలబడ్డారు మేడమ్. చెప్తే మళ్లీ వాళ్ల చేతికే అప్పగిస్తారేమో అనుకున్నా" అన్నాడు. ఆ భయం వట్టిది కాదు. మొదటి 15 రోజుల్లో పోలీసు కస్టడీ అడిగే వీలు అప్పటి చట్టంలోనే ఉండేది. నిందితుడు నోరు విప్పాలంటే పక్కన ఒక లాయరు నిలబడాలి, ఆ రాత్రి నిలబడాల్సిన మనిషిని నేను. ఇప్పుడు మా ఆఫీసులో ఎవరి మనిషైనా స్టేషన్లో ఉన్నాడని తెలిస్తే, రిమాండు అయ్యేదాకా ఒకరు మేజిస్ట్రేటు ఇంటి బయట కూర్చుంటారు. రాత్రి పన్నెండయినా సరే.

జైలు గేటు దగ్గర రాసిన రాత

సోమవారం రెండు పిటిషన్లు వేశాను. మెడికల్ బోర్డుతో పరీక్ష చేయించమని ఒకటి. జైల్లో చేర్చుకున్నప్పుడు రాసిన ఆరోగ్య రికార్డు సర్టిఫైడ్ కాపీ ఇప్పించి, అసలు రిజిస్టరు భద్రపరచమని రెండోది.

రెండోది ఎందుకో చెప్పాలి. అరెస్టు సమయంలో చేసే వైద్య పరీక్ష చాలాసార్లు పోలీసు పక్కనుండగా రెండు నిమిషాల్లో అయిపోతుంది. జైలు వాళ్ల పరిస్థితి వేరు. మనిషి లోపలికి వచ్చాక ఏ దెబ్బ బయటపడినా సూపరింటెండెంటు జవాబు చెప్పాలి. అందుకని ఇతరుల దెబ్బలు తమ లెక్కలో పడకుండా గేటు దగ్గరే చూసి రాసుకుంటారు. అది కనికరంతో రాసేది కాకపోవచ్చు, కానీ నిజం ఆ కాగితంలో దొరుకుతుంది.

వారం తర్వాత మెడికల్ బోర్డు చూసేసరికి కమిలిన చోట్లు పసుపు రంగుకు తిరిగాయి, నివేదికలో పెద్దగా ఏమీ రాలేదు. జైలు రిజిస్టరులో మాత్రం గురువారం రాత్రి 10.50కి ఇలా ఉంది: రెండు అరికాళ్లలో వాపు, ఎడమ తొడ వెనక నీలిరంగు కమిలిన మచ్చలు, కుడి మణికట్టు మీద చెక్కుకుపోయిన గాయం, ఒకటి నుంచి మూడు రోజుల నాటివి.

సీసీటీవీ కోసం కూడా అడిగాను. పోలీస్ స్టేషన్లలో కెమెరాలు పెట్టి రికార్డింగు కనీసం ఏడాది ఉంచాలని 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. వరండా కెమెరా అప్పటికే పనిచేయడం లేదని సమాధానం వచ్చింది. ఇంకా ముందే అడిగి ఉంటే ఏమైనా దొరికేదేమో.

నేను రాసిన తప్పు వాక్యం

జైలు రికార్డు చేతికి రాగానే నాలో పాత ఆవేశం లేచింది. మూడు రోజుల్లో రిట్ పిటిషన్ సిద్ధం చేశాను. అక్రమ నిర్బంధం, చిత్రహింస, నష్టపరిహారం, అధికారులపై చర్య. అఫిడవిట్ రెండో పేరాలో "ఇంతవరకు ఏ నేరంతోనూ ఏ సంబంధమూ లేని నిర్దోషి" అని రాశాను. రాయమని ఎవరూ అడగలేదు. కోర్టుకు జాలి కలగాలనుకున్నాను. జైల్లో ఐదు నిమిషాల్లో తెలుగులో సారాంశం చెప్పి అతని సంతకం తీసుకున్నాను. మాట్లాడిందంతా అక్కతోనే. వచ్చే ఇబ్బందులేమిటో అతన్ని కూర్చోబెట్టి చెప్పలేదు.

రిట్ వేసిన వార్త జిల్లా పేజీలో వచ్చింది. ఆ తర్వాత పీటీ వారెంట్లు మొదలయ్యాయి. జైల్లో ఉన్న మనిషిని మరో కేసులో కోర్టు ముందుకు రప్పించడానికి అడిగే వారెంటు అది. మధ్యవర్తుల నివేదికలోని ఒప్పుకోలులో పాత దొంగతనాలు నాలుగు ముందే చేర్చి ఉన్నాయి. మొదటి రిమాండు నుంచి 19వ రోజున రెండు కేసుల్లో, 33వ రోజున ఒకదాంట్లో, 47వ రోజున మరొకదాంట్లో అతన్ని చూపించారు. రిట్ వేసినందుకే ఇదంతా చేశారని నేను రుజువు చేయలేను. రిట్ లేకపోయినా చేసి ఉండేవారేమో. అయినా జైల్లో ఉన్నవాడికి కనిపించిన వరస మాత్రం అదే. బెయిలు పిటిషన్‌లో ఏపీపీ (ప్రభుత్వం తరఫున వాదించే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్) "ఐదు కేసుల నిందితుడు" అన్నారు, కోర్టు పిటిషన్ కొట్టేసింది.

ఆ వారం ములాఖత్‌లో అతనన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "మేడమ్, మీ కేసు నాకొద్దు. నన్ను బయటికి తియ్యండి చాలు."

మీ కేసు అన్నాడు. అది విని నేను నొచ్చుకున్నాను, ఆ తర్వాత సిగ్గుపడ్డాను. అదే రోజు ఇంకో సంగతి కూడా చెప్పాడు. ఐదు కేసుల్లో ఒకటి నిజం. రాత్రి దొంగతనాలతో తనకు సంబంధం లేదు కానీ, పగలు రంగులు వేస్తున్న ఇంట్లో టేబుల్ మీదున్న మొబైల్ ఫోన్ తీసుకుని సెకండ్‌హ్యాండ్ షాపులో అమ్మాడు. 33వ రోజున చూపించిన కేసు అదే.

క్లయింటు చెప్పింది లాయరు బయటపెట్టకూడదు, సాక్ష్యాల చట్టం 126వ సెక్షన్ దాన్ని కాపాడుతుంది. తెలిసి తెలిసి కోర్టు ముందు అబద్ధాన్ని నిలబెట్టే హక్కు కూడా లాయరుకు లేదు. నా చేతులతో రాసిన "నిర్దోషి" అన్న మాట హైకోర్టు ఫైల్లో ఉంది. రెండు వారాల్లో ప్రభుత్వం వైపు నుంచి కౌంటర్, అంటే జవాబు, వచ్చింది. మూడు మాటలే: రిమాండు ఆర్డర్లో ఫిర్యాదు లేదని ఉంది, వాస్తవాల మీద వివాదం ఉంది కాబట్టి రిట్‌లో తేల్చలేరు, పిటిషనర్ వాస్తవాలు దాచి వచ్చాడు, ఫోన్ షాపు యజమాని వాంగ్మూలం చూడండి. మూడోది ప్రమాదకరం. రాజ్యాంగం 226 అధికరణం కింద హైకోర్టుకు రిట్‌తో వచ్చేవాడు శుభ్రమైన చేతులతో రావాలంటారు, ముఖ్యమైన విషయం దాచాడన్న ఒక్క కారణంతోనే రిట్ కొట్టేయవచ్చు.

దారి మార్చడం

ఆ రాత్రి నీలబతి బెహెరా తీర్పు మళ్లీ తీసి చదివాను. ఒడిశాలో 1987 డిసెంబరు 1న ఒక దొంగతనం దర్యాప్తులో సుమన్ బెహెరా అనే యువకుణ్ని పోలీసులు తీసుకెళ్లారు. మర్నాడు రైలు పట్టాల మీద శవమై కనిపించాడు. తల్లి రాసిన ఉత్తరాన్నే సుప్రీంకోర్టు పిటిషన్‌గా తీసుకుంది, 1993లో లక్షన్నర పరిహారం ఇప్పించింది. ఎన్నోసార్లు కోర్టులో చదివి వినిపించిన తీర్పే. ఈసారి చదువుతుంటే అందులో లేనిది కనిపించింది. సుమన్ దొంగతనం చేశాడా లేదా అన్నదాని మీద ఆ పరిహారం ఆధారపడలేదు. అరెస్టప్పుడు పోలీసులు పాటించాల్సిన, 1996 నాటి డి.కె. బసు తీర్పులోని 11 మార్గదర్శకాలకూ అరెస్టయినవాడు నిర్దోషి అయి ఉండాలన్న షరతు లేదు. దొంగకు కూడా ప్రాణానికీ స్వేచ్ఛకూ రక్షణ ఇచ్చే రాజ్యాంగం 21వ అధికరణం ఉంది. ఇంత సులువైన విషయం మీద నిలబడాల్సిన పిటిషన్‌ని నేనే తీసుకెళ్లి, అతను మంచివాడన్న వాదన మీద నిలబెట్టాను. మంచితనం కూలితే హక్కు కూడా కూలేలా కట్టాను.

అతనితో ఈసారి గంటసేపు మాట్లాడాను. ఏది ముందు, ఏది తర్వాత అన్నది అతన్నే చెప్పమన్నాను. ముందు బయటికి రావాలి, తర్వాత కేసులు, ఆ తర్వాత రిట్ అన్నాడు. హైకోర్టులో అఫిడవిట్ సవరించడానికి అనుమతి కోరి, ఆ వాక్యం తీసేశాను. కేసుల సంఖ్య, వాటి దశ ఉన్నదున్నట్టు రాశాను. దొంగతనాల గురించి ఏమీ ఒప్పుకోలేదు, ఏమీ ఖండించలేదు. "ఈ పిటిషన్‌లోని అభ్యర్థనకు ఆ కేసుల ఫలితంతో సంబంధం లేదు" అని చేర్చాను. ఆపైన దాన్ని ముందుకు తొయ్యలేదు, వాయిదాలు పడనిచ్చాను.

రోజుల లెక్క

బయటికి తీయడానికి పనికొచ్చింది సీఆర్‌పీసీ 167(2). గడువులోపు ఛార్జిషీటు వేయకపోతే బెయిలు నిందితుడి హక్కు. మరణశిక్ష, యావజ్జీవం, పదేళ్లకు తక్కువ కాని శిక్ష పడే నేరాలకు 90 రోజులు, మిగతావాటికి 60. రాత్రిపూట ఇంట్లో చొరబడి దొంగతనం చేస్తే ఐపీసీ 457 కింద 14 ఏళ్ల దాకా పడొచ్చు. అందుకని ఇందులో 90 రోజులు ఉంటాయని స్టేషన్లో నమ్ముతారు, లాయర్లలోనూ కొందరు నమ్ముతారు. 2017లో రాకేశ్ కుమార్ పాల్ కేసులో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు స్పష్టంగా చెప్పింది: కనీస శిక్ష పదేళ్లు అయితేనే 90. 457లో కనీస శిక్ష లేదు, కాబట్టి 60.

ఒక్కో కేసుకు లెక్క వేరు. పీటీ వారెంటు మీద హాజరైన రోజు నుంచే ఆ కేసులో కస్టడీ మొదలవుతుంది. గోడ మీద కేలండర్లో ఐదు రంగులతో గుర్తులు పెట్టాను. మొదటి కేసులో 61వ రోజు ఉదయం 10.30కి ఫైలింగ్ కౌంటర్లో పిటిషన్ ఇచ్చి, సమయం వేయించుకున్నాను. ఆ మధ్యాహ్నమే ఛార్జిషీటు వచ్చింది. ఆలస్యమైందన్నది ఏపీపీకీ తెలుసు, 14 ఏళ్ల మాట పట్టుకుని 90 రోజులన్నారు. పిటిషన్ వేశాక ఛార్జిషీటు వచ్చినా హక్కు పోదని 2020లో ఎం. రవీంద్రన్ తీర్పు చెబుతోంది. మేజిస్ట్రేటు గారు రెండు తీర్పులూ చదివి బెయిలిచ్చారు. 19వ రోజున చూపించిన రెండింట్లో ఒకదానికి 79వ రోజున, చివరి కేసుకు 107వ రోజున ఇదే పద్ధతిలో వచ్చింది. మిగతా రెంటిలో ఛార్జిషీటు సకాలంలో వేశారు, మామూలు బెయిలు తెచ్చుకున్నాం.

కొత్తగా ప్రాక్టీసు మొదలుపెట్టినవాళ్లకు రెండు మాటలు. రిమాండు చేసిన రోజును కూడా లెక్కలో కలపాలని 2023లో కపిల్ వధావన్ కేసులో తేలింది. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 187(3)లో "పదేళ్లకు తక్కువ కాని" అన్న చోట "పదేళ్లు లేదా అంతకు మించి" అని ఉంది. ఆ మాటల తేడాతో పాత చర్చ మళ్లీ లేచింది కాబట్టి, రాకేశ్ కుమార్ పాల్ తీర్పు చాలులే అనుకుని కోర్టుకు వెళ్లొద్దు.

ఐదు బెయిళ్లు చేతికొచ్చినా అతను లోపలే ఉన్నాడు. ఒక్కో కేసులో ఇద్దరు జామీనుదారులు, ఒక్కొక్కరు పది వేలకు. మొత్తం పదిమంది కావాలి. అక్కకు ఇద్దరే దొరికారు. అదే ఇద్దర్ని అన్ని కేసులకూ అంగీకరించమని పిటిషన్ వేశాను. మోతీరామ్ కేసులో 1978లోనే జస్టిస్ కృష్ణయ్యర్ పేదవాడికి జామీను భారం ఎలా జైలుగా మారుతుందో రాశారు. అక్కడ కూడా ముద్దాయి పేద పనివాడే, తాపీ మేస్త్రీ; అడిగిందీ పది వేలే. మాకు ఆర్డరు రావడానికి 11 రోజులు పట్టింది. 118వ రోజున అతను బయటికొచ్చాడు. ఆ 11 రోజులు నా నిర్లక్ష్యమే. బెయిలు పిటిషన్లోనే ఈ మాట అడగాల్సింది. ఈ మధ్య, 2024లో, గిరీష్ గాంధీ కేసులో ఒకే జామీనుదారుల్ని అనేక కేసులకు సుప్రీంకోర్టు అనుమతించింది కాబట్టి ఇప్పుడు ఆ పని కొంచెం తేలిక.

విచారణ: కొట్టారని అడగాలా, వద్దా

మొదటి కేసు విచారణలో ఎక్కువ రోజులు ఆలోచించింది దీని గురించే. పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలు ఎలాగూ చెల్లదు. మిగిలేది సాక్ష్యాల చట్టం 27వ సెక్షన్, అంటే నిందితుడు చెప్పగా వస్తువు దొరికిందన్న భాగం. దాని హద్దులు గీసింది మన తెలుగువాడి కేసే. పులుకూరి కోటయ్య కేసులో 1946 డిసెంబరులో, అప్పటి అత్యున్నత కోర్టు అయిన ప్రివీ కౌన్సిల్ ఇచ్చిన తీర్పు దేశంలో ప్రతి క్రిమినల్ కోర్టులో ఈరోజుకీ వినిపిస్తుంది. నిందితుడు దాచిన చోటు, ఆ చోటు అతనికి తెలుసన్న విషయం, అంతవరకే సాక్ష్యం. మిగతా కథ సాక్ష్యం కాదు.

అంటే కేసు కొట్టేయించడానికి చిత్రహింస రుజువు చేయాల్సిన అవసరం లేదు. నగలు దొరికిన తీరు నమ్మశక్యం కాదని చూపిస్తే చాలు. అందుకే మధ్యవర్తుల్ని దెబ్బల గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు, సమయం గురించే అడిగాను. ఇంటికి ఎలా వెళ్లారు, ఎవరి బండి, నివేదిక ఎక్కడ కూర్చుని రాశారు. రెండో మధ్యవర్తి కాసేపటికి "రాసింది స్టేషన్లో, నేను అక్కడే సంతకం చేశాను" అన్నాడు. మొదటాయన అదే స్టేషన్ కేసులు మరో మూడింటిలో మధ్యవర్తి అని సర్టిఫైడ్ కాపీలతో చూపించాను. ఎఫ్‌ఐఆర్‌లో గొలుసు 16 గ్రాములు, పట్టుకున్నది 11 గ్రాములు.

దర్యాప్తు అధికారి బోనెక్కినప్పుడు మాత్రం దెబ్బల గురించి సూటిగా మూడు సజెషన్లు, అంటే "మీరు కొట్టారు కదా" లాంటి ప్రశ్నలు, పెట్టాను. కాదంటారని తెలుసు, కాదన్న సజెషన్ సాక్ష్యం కాదనీ తెలుసు. కానీ ఇక్కడ అడగకపోతే రేపు హైకోర్టులో "ట్రయల్లో ఎందుకు ఎత్తలేదు?" అని అడుగుతారు.

డిఫెన్స్ సాక్షిని పెట్టడం నాకు సాధారణంగా ఇష్టం ఉండదు. ప్రాసిక్యూషన్ తన భారం మోయలేక కింద పెట్టినప్పుడు మనం వెళ్లి ఒక చెయ్యి వేసినట్టవుతుంది. ఈ కేసులో పెట్టాను: జైలు డాక్టరు, రిజిస్టరుతో సహా. ఆయన మనసులో పోలీసుల మీద ఏమీ లేదు, రాసింది చదివారు, గాయాలు ఒకటి నుంచి మూడు రోజులవి అన్నారు. వాదనలో నేను కోర్టు ముందు పెట్టింది ఇదే. పోలీసుల లెక్కలో అరెస్టు గురువారం ఉదయం 11కి. జైలు డాక్టరు చూసింది రాత్రి 10.50కి, మధ్యలో 12 గంటలు కూడా లేవు. గాయాలు అంతకంటే పాతవి. అరెస్టుకు ముందే ఎక్కడో తగిలాయంటే, సాయంత్రం 6 గంటల సర్టిఫికెట్ గాయాలు లేవని ఎలా చెప్పింది? సర్టిఫికెట్ నిజమైతే గాయాలు ఆ తర్వాత తగిలినవి, అప్పుడు అతను పోలీసుల చేతుల్లోనే ఉన్నాడు. అది తప్పైతే, బుధవారం 12.40 నాటి ఈమెయిల్ చదవండి, సోమవారం నుంచి ఎక్కడున్నాడో అందులో ఉంది. ఎటు వెళ్లినా దారి స్టేషనుకే చేరుతుంది.

తీర్పులో మేజిస్ట్రేటు గారు హింస గురించి తేల్చలేదు. అరెస్టు సమయం, రికవరీ రెండూ సందేహాస్పదమని రాసి కేసు కొట్టేశారు. మాకు కావలసింది అదే. మిగతా మూడు దొంగతనం కేసులు అదే మధ్యవర్తుల నివేదిక మీద నిలబడ్డవి. రెండేళ్లలో ఒకదాని తర్వాత ఒకటి పోయాయి.

ఫోన్ కేసు మిగిలింది. షాపు యజమాని సాక్ష్యం బలహీనమైనదే, పోరాడితే గెలిచే అవకాశం ఉందని అతనికి చెప్పాను. ఒప్పుకుంటానన్నాడు. ప్రొబేషన్ (జైలు బదులు సత్ప్రవర్తన బాండు మీద వదిలిపెట్టడం) అడగొచ్చు, శిక్ష మచ్చ తక్కువ. కానీ సత్ప్రవర్తన బాండు ఉన్న కాలంలో ఎవరైనా ఇంకో కేసు పెడితే ఇదీ తిరగబడుతుంది, ఆ స్టేషన్ పరిధిలో అది చిన్న భయం కాదు. ఇద్దరం ఆలోచించి, ప్రొబేషన్ అడగకుండానే నేరం ఒప్పుకున్నాం. అప్పటికే జైల్లో గడిపిన కాలాన్నే శిక్షగా వేశారు. ఫోన్ యజమానురాలికి అతను బయట డబ్బు కట్టాడు. ఆ పని నేను చెప్పి చేయించింది కాదు.

మళ్లీ రిట్

అప్పుడు హైకోర్టు ఫైలు తీశాను. తీర్పు కాపీ, డాక్టరు సాక్ష్యం, రెండు వైద్య కాగితాలు పక్కపక్కన, ఈమెయిల్, పోస్టు రసీదు జత చేశాను. ఫోన్ కేసులో శిక్ష పడిన సంగతి మొదటి పేజీలోనే పెట్టాను. ప్రభుత్వ న్యాయవాది లేచి "ఇతను శిక్ష పడిన దొంగ" అన్నారు. "అవును, ఆ సంగతి మా మొదటి పేజీలోనే ఉంది" అన్నాను. ఆ తర్వాత దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. వాస్తవాల వివాదాన్ని జిల్లా జడ్జి విచారణకు పంపారు. అక్రమ నిర్బంధం, దెబ్బలు నిజమేనని నివేదిక వచ్చింది. రెండు లక్షల పరిహారం, శాఖాపరమైన విచారణకు ఆదేశం.

అధికారుల మీద నేరుగా మేజిస్ట్రేటు కోర్టులో ప్రైవేటు కంప్లయింటు వేయాలని నేను కోరుకున్నాను. అతను వద్దన్నాడు. అదే ఊళ్లో బతకాలి, అదే రోడ్డు మీద నడవాలి. అక్రమ నిర్బంధం (ఐపీసీ 342), మామూలు గాయం (323) లాంటివాటికి కోర్టు కేసు తీసుకోవడానికి ఏడాదే గడువని ముందే తేదీతో సహా కాగితం మీద రాసిచ్చాను. ఆ తేదీ దాటిపోనిచ్చాడు. ఒప్పుకోలు కోసం గాయపరచడం, ఐపీసీ 330, ఏడేళ్ల శిక్ష ఉన్న నేరం కాబట్టి దానికి ఆ గడువు లేదు. ఆ తలుపు తెరిచే ఉందని చెప్పి ఊరుకున్నాను. నాకిప్పటికీ మనసులో వెలితే. కానీ ఈసారి నా కేసు నడపలేదు, అతని కేసు నడిపాను.

ఇంకో విషయం నడుస్తోంది. ఫోన్ కేసు శిక్ష ఆధారంగా స్టేషన్లో అతని మీద సస్పెక్ట్ షీటు (నిఘా పెట్టాల్సినవాడిగా ఉంచే ఫైలు) తెరిచారు. ఆదివారాలు వచ్చి సంతకం పెట్టమంటున్నారు, ఆ రోజు కూలి పోతోంది. దాని మీద కొత్త రిట్ వేశాం. అఫిడవిట్ రాస్తుంటే అతనే పక్కన కూర్చుని చెప్పాడు, నేను రాశాను. రెండో పేరా ఇలా మొదలవుతుంది: "ఆ ఫోన్ నేనే తీశాను. దానికి శిక్ష అనుభవించాను."